రోజుకొకటే పోటు

క్లెమ్ హారిగన్ పడవ అద్దెకివ్వడు,
పడవతో పాటు తనూ వస్తాడు.
చేప ఎక్కడుందో చూపించడం ఆయన బతుకుతెరువు.
ఆ ఎక్కడ అన్నది మాత్రం
వెబ్‌సైట్లో ఉండకూడదు.
ఇదీ మొదటి షరతు.

కరుంబాలో, నార్మన్ నది సముద్రంలో కలిసే చోట
రేకుల షెడ్డులో
ఐసుపెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేను.
వారమంతా నార్మన్‌టన్ బడిలో భిన్నాలు చెప్తాను,
శనివారాలు డెబ్భై కిలోమీటర్లు వచ్చి ఇలాంటి పనులు.
కూలి కింద రెండు ట్రిప్పులు. గాలం ఆయనదే.

"మీ గురించి ఏం రాయమంటారు?"
మోచేతి మీద ఎండిన పొలుసు గీక్కుంటూ ఆలోచించాడు.
"ముప్పయ్యొక్క ఏళ్ళు. ఎవరూ మునగలేదు."
ఇంకో మాట కోసం
కెటిల్ రెండుసార్లు కాగేదాకా ఆగాను.
రాలేదు.

షూ పెట్టె నిండా ఫోటోలిచ్చాడు.
ప్రతి దాంట్లో ఎవరో ఒకరు, ఎండకి కమిలిన నవ్వుతో
చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చేపను ఎత్తుకుని.
చేపను ఉంచమన్నాడు, మనిషిని ఉంచమన్నాడు,
వెనకాల మడచెట్టును చెరిపేయమన్నాడు.
"ఆ వంకర కొమ్మ కనబడితే చాలు,
అదెక్కడో ఈ ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు."
రెండు శనివారాలు కూర్చుని
ఒక అడవిని చెరిపాను, ఆకు ఆకూ.

చెరుపుతూ చెరుపుతూ చేపను సరిగా చూసి
"పండుగప్ప!" అన్నాను.
ఏమిటన్నాడు.
మీ బారమండినే, మా కాకినాడ రేవులో అలా పిలుస్తామన్నాను.
ఆ మాటను నోట్లో వేసుకుని ముల్లు తీసినట్టు తిప్పాడు,
పండూ... గప్పా...
"బరువుంది. సరిపోయింది."
తర్వాత, గాలి ఎటు వీస్తోందో చెప్పినంత మామూలుగా చెప్పాడు:
ఇవి మగవిగా పెరిగి, ఓ వయసొచ్చాక ఆడవవుతాయి.
ఈ పెద్దవన్నీ ఆడవే.
అందుకే కొలిచి, ముద్దుపెట్టి, వదిలేస్తాం.
ముద్దుపెట్టి అన్నది నేను కలిపాను.
వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకి ఉండే జబ్బది.

మొదటి వాక్యం గాలంలా ఉండాలి,
చదివినవాడు గుటుక్కున మింగెయ్యాలి
అని పాఠం మొదలుపెట్టాను.
నావంక జాలిగా చూశాడు.
"మింగితే గొంతులో దిగుతుంది. ఆ చేప బతకదు.
పెదవికి తగలాలి, అంతే."
రాసుకొచ్చిన నాలుగు పేరాలూ కొట్టేశాను.

బుకింగ్ క్యాలెండర్ దగ్గర ఇంకో తగువు.
నేను కొన్న సాఫ్ట్‌వేర్
రోజును ఉదయం, సాయంత్రం అని రెండు ముక్కలు చేస్తుంది.
ఇక్కడ సముద్రం అలా చెయ్యదు.
చాలా రేవులకి రోజుకి రెండు పోట్లు,
ఈ అఖాతానికి ఒక్కటే.
ఒకసారి నిండి, ఒకసారి తీసి, ఊరుకుంటుంది.
తప్పిపోతే మళ్ళీ రేపే.
లెక్కల మాస్టర్ని కదా,
రెండో గడిని తీసేసి
ఏడాది పొడుగునా పోటు వేళలు నా చేత్తో పేర్చాను.
అప్పుడు మొదటిసారి తెర దగ్గరికి వంగి
"ఆ, ఇది నిజం" అన్నాడు.

సైటు తెరిచాం.
మూడు వారాలు దాన్ని చూసింది
నేనూ, ఆయన చెల్లెలు నోలీనూ.
నాలుగో వారం బాలరాట్ నుంచి ఓ పెద్దావిడ, పేరు విన్‌ఫ్రెడ్:
నాకు ఈత రాదు. అక్కడ మొసళ్ళుంటాయా?
జవాబుగా నేనొక పేజీ సిద్ధం చేశాను,
భద్రత, అనుభవం, పడవ అంచు ఎత్తు.
ఈలోపు ఆయనే ఒంటి వేలితో కొట్టి పంపేశాడు:
"ఉన్నాయి. ఈత అవసరం పడదు."

మంగళవారం పోటుకి వస్తానని రాసిందామె.
సైట్లో పడిందని చెప్పినా వినకుండా
నోలీన్ తన గళ్ళ పుస్తకంలో మళ్ళీ రాసుకుంది,
తేదీ, పోటు, పేరు.
చోటు అన్న గడిలో
ఎప్పటిలాగే
ఓ చిన్న గీత.